సోర్సు దిగేదాకా ఫోనెత్తొద్దు

ఉషారాణికి అబద్ధాలాడటం అలవాటు లేదు. అలవాటు లేని పని కాబట్టే, ఆ శనివారం మధ్యాహ్నం ఆడిన ఒక్క అబద్ధం చెయ్యి జారిపోయి, భద్రాచలంలో ఒక వీధి వీధినంతా బియ్యం బస్తాలతో మేడలెక్కించింది.

ఆమెది ఏన్కూరు దగ్గర తండా. తండ్రి భద్రు మిరప, పత్తి పండిస్తాడు. ఉషారాణి ఖమ్మంలో కంప్యూటర్ డిగ్రీ చదివి, భద్రాచలంలోని విద్యాధరి డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరింది. డిగ్రీ కాలేజీ అనగానే తోటలూ మైదానాలూ ఊహించుకోనక్కర్లేదు. మూడంతస్తుల ఇల్లు. కింద ఆఫీసు గది, కంప్యూటర్ ల్యాబు, మధ్యలో తరగతులు, పైన కరస్పాండెంటు వెంకటరామారావు కాపురం. ఆయన తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి దుమ్ముగూడెం దగ్గర పొలాలు కొని స్థిరపడ్డారు.

రెండువేల నాలుగు వానాకాలంలో ఆ కాలేజీకి పది కొత్త కంప్యూటర్లు వచ్చాయి. సరఫరా చేసింది వెంకటరామారావు అన్న కొడుకు జయప్రకాశ్. ఖమ్మంలో అతనికి కంప్యూటర్ల షాపుంది. సోమవారం యూనివర్సిటీ నుంచి తనిఖీ బృందం వస్తుంది. అప్పటికి ఆ పదీ ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తూ కనబడాలి.

ఉషారాణి వాటిలో లినక్స్ ఎక్కించింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలేముందో విప్పి చూసుకోవచ్చు, అలాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఒక పత్రికతోపాటు వచ్చిన సీడీని ఆమె ఏడాదిగా భద్రంగా దాచుకుంది. అంతా చక్కగా ఎక్కింది గానీ, కంప్యూటర్లను తీగతో కలిపే నెట్ కార్డు దగ్గర చిక్కొచ్చి పడింది. కార్డు కొత్తది, సీడీ పాతది. చూపు ఆనని ముసలి అత్త కొత్త కోడల్ని చూసినట్టు చూసి, ‘ఎవరివే నువ్వు?’ అంది లినక్స్.

జయప్రకాశ్ తలుపుకు ఆనుకుని ఇదంతా వేడుకగా చూశాడు. ఒత్తుగా, నొక్కులు తిరిగిన జుట్టు అతనిది. పెళ్ళిచూపులు దగ్గర పడ్డాయేమో, మాటకోసారి దాన్ని సవరించుకుంటున్నాడు.

“ఊరికే ఇచ్చేది ఎవడైనా పనికొచ్చేది ఇస్తాడా మేడం? నా దగ్గర వేరే సీడీ ఉంది. సాయంత్రానికల్లా అన్నింటికీ ఎక్కించేస్తా.”

“నిరుడు ఎక్కించిన్రు గదండీ ఆ కాపీ సీడీనే. పరీక్ష ముంగట వైరస్ వచ్చి పిల్లల ప్రాక్టికల్సన్నీ తుడుచుకపోయింది. నేనింకా మర్చిపోలే.”

“అది మీ పిల్లలు ఫ్లాపీల్లో తెచ్చుకున్న వైరసు.”

“తలుపు లేని ఇంట్ల దొంగ వడితే, తప్పు దొంగదొక్కడిదేనా?”

జయప్రకాశ్‌కు రోషం వచ్చింది. “సరే మేడం. సోమవారానికి మీ లినక్సులో ఈ పది మిషన్లూ ఒకదానితో ఒకటి మాట్లాడాయనుకోండి, రామయ్య సన్నిధిలో గుండు కొట్టించుకుంటా.”

“మాట మీద ఉంటరా?”

“మా వంశంలో మాట తప్పినోడు లేడు.”

“మంచిది. నెత్తికి నూనె ఎక్కువ పెట్టకున్రి, దండుగయితది” అంది ఉషారాణి.

అనడం అనేసింది గానీ, దారేదో ఆమెకూ తెలియదు. ఆ రాత్రే ఇంటర్నెట్‌లో లినక్స్ వాడేవాళ్ళ గుంపు ఒకదానికి తన కష్టం రాసి పంపింది. ఏ దేశంవాడో, ముఖం తెలియని మనిషి తెల్లారేసరికి జవాబిచ్చాడు. ఆ నెట్ కార్డును గుర్తుపట్టే కోడ్ కొత్త కెర్నెల్లో చేరిపోయిందట. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. దాని తాజా సోర్సు కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, దించుకుని, మీ కంప్యూటర్ మీదే కొత్తగా తయారుచేసుకోండి అని రాశాడు.

దించుకోవడం. ఆ ఒక్క మాటలోనే ఉంది బాధంతా. ఊళ్ళో నెట్ సెంటర్లో కరెంటు చీటికీమాటికీ పోతుంది. కాలేజీకి జనరేటరైతే ఉంది గానీ, నెట్ వచ్చేది ఆఫీసు గదిలోని ఒకే ఒక్క కంప్యూటర్‌కు, అదీ టెలిఫోన్ లైను మీద. చుక్కచుక్కగా దిగే ఆ లైను మీద సోర్సు మొత్తం దిగాలంటే ఒక పూట పడుతుంది. మధ్యలో లైను తెగిందా, మళ్ళీ మొదటికే. తెగినచోట అతికించుకోవడం ఆ కంప్యూటర్‌కు చేతకాదు.

శుక్రవారం మూడుసార్లు మొదలుపెట్టింది. మూడుసార్లూ తెగింది. కారణం గోదావరి కాదు, గాలివాన కాదు. పద్మావతమ్మ.

పద్మావతమ్మ వెంకటరామారావు భార్య. ఆఫీసు ఫోనుకు పైన ఇంట్లో ఇంకో ఫోను కలిపి ఉంది. కింద నెట్ నడుస్తుండగా పైన ఆమె రిసీవరు ఎత్తిందంటే లైను పుటుక్కుమంటుంది. సత్తుపల్లిలో ఉన్న అక్క సామ్రాజ్యమ్మతో మాట్లాడనిదే ఆమెకు అన్నం అరగదు. తిన్న కూరలు, కట్టిన చీరలు, టీవీలో ఏడ్చిన కోడళ్ళు, ఇవన్నీ అక్కకు అప్పజెప్పాకే ఆమెకు మధ్యాహ్నం కునుకు పట్టేది.

శనివారం వెంకటరామారావు పొలం చూసుకు రావడానికి దుమ్ముగూడెం బయల్దేరాడు. “ఒక్కరవ్వ నెట్ చూసుకుంట సార్” అని ఉషారాణి అడిగింది. చూసుకోమన్నాడు. ఆ రవ్వ ఎంత పొడుగో ఆయనా అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. జీపు మలుపు తిరగ్గానే సోర్సు దించడం మొదలుపెట్టింది.

కొంచెం దిగిందో లేదో, మళ్ళీ తెగింది. మరుక్షణం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

“ఏంటమ్మా ఉషా ఇది? ఫోనెత్తితే చాలు, చెవిలో కీచుకీచుమని పిల్లిని తొక్కినట్టు అరుస్తోంది! నిన్న కూడా ఇంతే” అంటూ పద్మావతమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నిజం చెబితే సరిపోయేది. ‘అమ్మా, ఒక పూట ఫోను ముట్టుకోవద్దు’ అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే, ముందు సార్‌నడుగుతానంటుంది. సారేమో ఫోను అంతసేపు ఎంగేజులో పెడితే ఒప్పుకోడు. కిటికీలోంచి చూస్తే వాన. గోదావరి నాలుగు రోజులుగా పెరుగుతూ తరుగుతూ ఊరిని ఊరిస్తోంది. ఉషారాణి నోట్లోంచి మాట తనంతట తానే ఊడిపడింది.

“కేబుల్లకు గోదారి నీళ్ళొచ్చినయంటమ్మా. ఫోనెత్తితే షాక్ కొడ్తదంట.”

పద్మావతమ్మ చెయ్యి ఠక్కున చెవి మీదికి పోయింది. “అమ్మో! పొద్దుట్నుంచీ ఈ చెవి జివ్వుమంటుంటే ఏంటో అనుకున్నా!”

“సాయంత్రం దాక ముట్టుకోకున్రి. బాగు చేస్తరంట.”

“ముట్టుకోను తల్లీ, ముట్టుకోను” అంటూ ఆవిడ పైకి వెళ్ళిపోయింది. ఉషారాణి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తెగలేదు. తెర మీద నీలం గీత ఎడమ నుంచి కుడికి గర్భిణి నడకలా కదులుతోంది. పాతిక శాతం దాటింది. ముప్పై. అబద్ధం ఇంత సుఖంగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదే అనుకుని ఆమె టీ కూడా తెప్పించుకుంది.

ఫోను లేని పద్మావతమ్మ ఊరుకుంటుందని ఎలా అనుకుందో ఏమో! ఆవిడకు ఫోను లేకపోతే పిట్టగోడ ఉంది.

గీత సగానికి చేరుతుండగా అటెండరు గోప్యా తడిసిపోయి లోపలికొచ్చాడు. ఏన్కూరు వైపు వాడే, వరసకు ఉషారాణికి బాబాయి అవుతాడు. వాడి చంకలో మేకపిల్ల ఉంది.

“ఏంది బాబాయ్, మేకనెందుకు పట్కొచ్చినవ్?”

“నీకు తెల్వదా బిడ్డా? కరకట్ట కింద నుంచి నీళ్ళొస్తున్నయట! వీధంత మూటలు గడ్తున్రు. కిరాణా శ్రీనివాస్ బియ్యం బస్తాలన్ని మేడ మీదికెక్కించిండు. ఎదురింటోళ్ళు టీవీ, ఫ్రిజ్జు, ముసలామె, అందర్నీ ఎక్కించిన్రు.”

“ఎవరు చెప్పిన్రు?”

“పైన అమ్మగారే పిట్టగోడ కాడ నిలబడి చెప్పింది. కేబుల్లకు నీళ్ళొచ్చినయంటే, కేబుల్ భూమిల ఉంటది. భూమిలకు నీళ్ళొచ్చినయంటే కట్ట కిందికెల్లి వచ్చినట్టే గదా అని పెద్దమనుషులు లెక్కగట్టిన్రు.”

వరద చూసిన ఊరది. ఆ మాటతో ఆడుకోకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. ఉషారాణి గీత వంక ఒకసారి చూసింది, తలుపు వంక ఒకసారి చూసింది. తర్వాత రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తి, చీరలు మూటకడుతున్న పద్మావతమ్మ ముందు నిలబడి గుండు పందెంతో సహా జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

“తప్పయిందమ్మా. తిట్టున్రి, కొట్టున్రి. కానీ ఫోన్ మాత్రం ఎత్తకున్రి.”

పద్మావతమ్మ మూట మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, డొక్కలు పట్టుకునేదాకా నవ్వింది.

“ఓసి నీ దుంపతెగ! చెవి జివ్వుమంటోందని నేనే అన్నానుగా! ఏమీ లేకుండానే ఎలా జివ్వుమందే నాకు?” అని మళ్ళీ నవ్వింది. “ఇంతకీ ఏంటది, ఊరిని ఏడిపించి మరీ దించుకుంటున్నావు?”

“సోర్సు కోడమ్మా.”

“అంటే?”

ఉషారాణి చుట్టూ చూసింది. మూటలోంచి ఒక జాకెట్టు తొంగిచూస్తోంది. “మీ టైలర్ జాకెట్ కుట్టేటప్పుడు లోపల కొంచెం బట్ట వదుల్తడు గదా, ఎందుకు?”

“లావైతే కుట్టు విప్పుకుని వదులు చేసుకోవడానికి.”

“అట్ల వదలకుండ, విప్పితే చిరిగేటట్టు కుట్టి, లావైతే కొత్తది కొనుక్కోమంటే?”

“వాడింటికి మళ్ళీ పోతానా!”

“జయప్రకాశ్ గారు పెడ్తానన్నవి గట్లాంటివే. ఇది లోపల బట్ట వదిలినది. అదీ ఎవరో ఇంకా మంచిగ సవరించి, మొన్ననే మళ్ళ పెట్టిన్రు. ఎవరికైనా ఊరికెనే ఇస్తరు.”

పద్మావతమ్మ లేచి, ఫోనును బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పైట కొంగు కప్పింది. “నువ్వెళ్ళి ఆ జనాన్ని కిందికి దింపు. ఇక్కడ నేనుంటా. మా జయప్రకాశ్ గుండు ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉంది.”

ఉషారాణి వీధిలోకి పరిగెత్తింది. వానలో నిలబడి, మేడల మీదున్న వాళ్ళకు వినపడేటట్టు అరిచింది. “నీళ్ళు రాలేదు! కట్ట మంచిగనే ఉంది! అంతా ఉత్తదే!”

ఒక్కరు కూడా కదల్లేదు.

“మొదట గట్లనే అంటరు మేడం! జనం బేజారు కావొద్దని. ఎన్ని వరదలు చూసినం” అన్నాడు శ్రీనివాస్ బస్తాల మీంచి.

“నిజంగనే అన్నా! ఆ మాట నేనే పుట్టించిన!”

“పాపం, సదువుకున్న పిల్ల. మనకు ధైర్యం చెప్పనీకి తన మీద వేసుకుంటున్నది” అంది ఎదురింటి ముసలామె, కుర్చీలో గొడుగు కింద కూర్చుని. అందరూ జాలిగా తలలూపారు.

ఉషారాణి తల పట్టుకుంది. నిజం మీద ఎవరికీ నమ్మకం లేనప్పుడు ఏం చేస్తుంది? గొంతు సవరించుకుని మళ్ళీ అరిచింది. “ఇప్పుడే ఆఫీసర్లు వచ్చి కట్టంత చూసి పోయిన్రు! ఎలుక బొక్కంట! ఇసుక బస్తాలతోటి మూసిన్రు!”

“ఆఁ! అట్ల చెప్పు మరి!” అన్నాడు శ్రీనివాస్. బస్తాలు దిగడం మొదలుపెట్టాయి. కొన్ని నిమిషాల్లో ఆ ఎలుక బొక్కను కళ్ళారా చూసినవాళ్ళు కూడా వీధిలో పుట్టుకొచ్చారు. ముసలామెను ఇద్దరు కుర్చీతో సహా దింపుతుంటే, “ఎంత పెద్ద ఎలుకనో” అని ఆశ్చర్యపోతూ దిగింది.

ఉషారాణి తడిబట్టలతో ఆఫీసులోకి వచ్చి చూస్తే గీత చివరికొచ్చింది. అప్పుడే బయట జీపు ఆగింది.

వెంకటరామారావు గొడుగు కూడా తెరవకుండా దిగాడు. “ఏంటి గొడవ? దారి పొడుగునా వరదంటారు, ఎలుకంటారు! నేను కరకట్ట మీదుగానే వస్తున్నా, గోదారి పొద్దుటికన్నా తగ్గింది. ఉండు, ఎమ్మార్వోకు ఫోన్ చేస్తా” అంటూ ఆఫీసు ఫోను వైపు చెయ్యి చాచాడు.

“సార్!” అని ఉషారాణి అడ్డం నిలబడింది. ఆడగలిగిన అబద్ధాలు అయిపోయాయి.

“ఏవండీ, దాన్ని ముట్టుకుంటే ఒట్టే!” మేడ మీంచి పద్మావతమ్మ కేక వినబడింది.

ఆయన బిత్తరపోయి మెట్లెక్కాడు. పైన భార్య నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో ఫోనును చంటిపిల్లలా పొదువుకుని కూర్చుంది.

“ఏంటే ఇది?”

“తర్వాత చెబుతా. ముందు కాఫీ తాగండి.”

“ఆ ఫోన్ ఇటివ్వు!”

“ఇవ్వను.”

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన భార్య ఒళ్ళోంచి దేన్నీ లాక్కున్నవాడు కాదు. లాక్కుంటాడేమో అనిపించిన ఆ క్షణానే, వీధిలో ఒక కారు కీచుమని ఆగింది. ఊరంతా ఉలిక్కిపడేలా శోకం వినబడింది.

“ఓ పద్మా! ఓ నా చెల్లీ! ఉన్నావటే?”

సామ్రాజ్యమ్మ! మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు తిప్పినా చెల్లెలి ఫోను ఎంగేజు వస్తోంది. టీవీలోనేమో గోదావరి నీళ్ళు చూపిస్తున్నారు. ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. సత్తుపల్లిలో కారు మాట్లాడుకుని, చేతికందిన చీరలు రెండు సంచిలో కుక్కుకుని వచ్చేసింది. వెంకటరామారావు రంగు మారిపోయింది. ఆయన తనిఖీ బృందాలకు భయపడడు, ఎమ్మార్వోలకు భయపడడు. వదినగారంటే మాత్రం చొక్కా గుండీలు పెట్టుకుంటాడు. ఫోను సంగతి మర్చిపోయి, గుండీలు పెట్టుకుంటూ కిందికి ఎదురెళ్ళాడు.

అక్కాచెల్లెళ్ళు మెట్ల మీదే కౌగిలించుకున్నారు. ఒకరు ఏడుస్తున్నారు, ఒకరు నవ్వుతున్నారు. సామ్రాజ్యమ్మ మరిదిని పట్టుకుని, “ఫోనొక్కటి సరిగా ఉంచుకోలేరా మీరు? కాలేజీలు పెట్టారు!” అని దులిపేసింది. ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. ఆ సందడిలో ఆఫీసు గదిలోని నీలం గీత ఎవరినీ అడక్కుండా నూటికి నూరూ నిండింది.

ఉషారాణి లైను వదిలేసి, కుర్చీలో వెనక్కి వాలి, పెద్దగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత సోర్సును సీడీ మీద ఎక్కించి ల్యాబులోకి తీసుకుపోయింది.

ఆదివారమంతా కెర్నెల్ తయారీలో గడిచింది. నీకిది కావాలా, అది కావాలా అని పెళ్ళిళ్ళ పేరయ్యలా లినక్స్ వందల ప్రశ్నలడిగింది. మొదటిసారి ఉషారాణి తొందరలో అన్నిటికీ సరేనని, అసలైన నెట్ కార్డు ప్రశ్నను దాటేసింది. తీరా చూస్తే కార్డు మళ్ళీ పలకలేదు. తనను తానే లంబాడీలో నాలుగు తిట్టుకుని, మళ్ళీ మొదట్నుంచీ ఓపిగ్గా కూర్చుంది. పైనుంచి సామ్రాజ్యమ్మ చేసిన గారెలు కిందికి వస్తూనే ఉన్నాయి. పొద్దు వాలుతుండగా మొదటి కంప్యూటర్ వెనక చిన్న ఆకుపచ్చ దీపం మినుకుమంది. అటుపక్క రెండోదాని వెనక ఇంకొకటి. ఇక్కడి నుంచి పంపిన పలకరింపుకు అక్కడి నుంచి జవాబు తెర మీద వరసగా పడుతుంటే, ఉషారాణి గారె చేత్తో పట్టుకుని తినడం మర్చిపోయి చూసింది. తర్వాత ఎవరూ లేని ల్యాబులో ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది.

సోమవారం తనిఖీ బృందం వచ్చింది. అందులో కళ్ళజోడాయన ఒకరు అన్ని తెరలూ చూసి, “వీటిలో సాఫ్ట్‌వేరుకు లైసెన్సులున్నాయా?” అని సూటిగా అడిగాడు. వెంకటరామారావు ఉషారాణి వైపు చూశాడు. జయప్రకాశ్ గోడకున్న క్యాలెండరు వైపు తిరిగాడు.

“ఉన్నయ్ సార్. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు” అని ఉషారాణి ఆ లైసెన్సును తెర మీదే తెరిచి చూపించింది. కళ్ళజోడాయన చదివి, సంతోషించి, గారెలడిగాడు.

జయప్రకాశ్ మాట మీద నిలబడ్డాడు. ఆ సాయంత్రమే దేవస్థానం కల్యాణకట్టలో నున్నగా గుండు కొట్టించుకుని వచ్చాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ గంధం పూసి, దిష్టి కూడా తీశారు. పెళ్ళిచూపులు ఒక నెల వెనక్కి జరిగాయి.

వెళ్ళేముందు అతను ల్యాబులోకి వచ్చి, గుండు తడుముకుంటూ నసిగాడు. “మేడం, ఆ సీడీ నాకొకటి రాసిస్తారా? లైసెన్సు గొడవ లేదంటున్నారుగా. షాపులో అమ్మే మిషన్లలో పెట్టిస్తా.”

“తీస్కోన్రి.”

అంత సులువుగా ఇచ్చేసరికి అతనికి అనుమానం వచ్చింది. “మెలిక ఏంటి?”

“మెలికేం లేదు. మీరు అమ్మిన మిషన్ కొన్నోళ్ళెవరన్న సోర్సు అడిగితే, కాదనకుండ ఇయ్యాలె. గంతే.”

“ఎవరడుగుతారులెండి!” అని నవ్వి, సీడీ జేబులో వేసుకుని బస్సెక్కాడు.

ఉషారాణి ఆ నవ్వును బాగా గుర్తుపెట్టుకుంది. మర్నాడు క్లాసులో, ఖమ్మంలో జయప్రకాశ్ షాపులో కంప్యూటర్ కొనబోయే చుట్టాలెవరికైనా ఉన్నారా అని పిల్లలను అడిగింది. చాలా చేతులు లేచాయి. దసరా దాటకముందే జయప్రకాశ్ షాపు ముందు రోజూ ఎవరో ఒకరు నిలబడి కనబడసాగారు. ఏన్కూరు నుంచి ఒకరు, పాల్వంచ నుంచి ఒకరు, ఒకరోజైతే మంగ్లి అనే నడివయసు టీచరు ముగ్గురు తోటి టీచర్లను వెంటబెట్టుకుని మరీ వచ్చింది. అందరిదీ ఒకటే మాట.

“అన్నా, సోర్సు కోడ్ ఇయ్యవా? పాతది కాదు, తాజాది!”

జుట్టు ఇంకా పూర్తిగా రాని తలను రెండు చేతులా పట్టుకుని, జయప్రకాశ్ సీడీలు రాస్తూ కూర్చున్నాడు.